కచేరీలో మావయ్యగారి ఫోన్

ప్రశ్న: మాది రాజమండ్రి. మా మావయ్యగారికి డెబ్భై నాలుగేళ్ళు. సంగీతమంటే ప్రాణం. చిన్నప్పుడు ఆయనా, వాళ్ళక్కగారూ ఒకే గురువు దగ్గర పాట నేర్చుకున్నారట. ఆవిడ ఇప్పుడు న్యూజెర్సీలో కొడుకు దగ్గర ఉంటున్నారు. మోకాళ్ళ నొప్పులతో ఇల్లు కదలలేరు. ఊళ్ళో ఏ కచేరీ జరిగినా ఈయన ఆవిడకి వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి, కచేరీ అయ్యేదాకా ఫోన్ ఎత్తి పట్టుకుని చూపిస్తారు. పోయిన నెల ఒక గాత్ర కచేరీలో వెనక కూర్చున్నాయన "మాస్టారూ, ఆ ఫోన్ కాస్త దించుతారా" అన్నారు. మావయ్యగారికి కోపం వచ్చింది. "మా అక్క వింటోంది. మీకు పోయేదేముంది?" అన్నారు. మాటా మాటా పెరిగింది. అది చాలదన్నట్టు, తర్వాత ఆలాపన మధ్యలో ఆయన జేబులోని బటన్ ఫోన్‌లో బీపీ మాత్ర అలారం మోగింది. గాయని పాట ఆపలేదు గానీ మావైపు ఒకసారి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. మా వారికి చెప్తే "పెద్దాయన సరదా, వదిలెయ్" అంటారు. వచ్చే నెల మళ్ళీ కచేరీ ఉంది. ఆయనకి ఎలా చెప్పాలి? ఇలా చూపించడం, రికార్డు చేయడం చట్టప్రకారం తప్పా? ఇంకోటి, నాలుగేళ్ళ పాపని అత్తయ్యగారి దగ్గర వదిలి వస్తాను కాబట్టి నేనూ ఫోన్ ఆపెయ్యలేను. మరి ఆయనకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం:

అమ్మా, మీ వారు సరదా అంటున్నారు గానీ ఇది సరదా కాదు. చిన్నప్పుడు పక్కపక్కన కూర్చుని పాట నేర్చుకున్న అక్కాతమ్ముళ్ళు ఇప్పుడు కూడా పక్కపక్కన కూర్చుని వినాలని చూస్తున్నారు. మధ్యలో సముద్రాలున్నాయి కాబట్టి ఫోన్ వచ్చింది. అందుకే "ఫోన్ తీయకండి" అని ఎవరైనా అంటే ఆయన చెవికి అది "మీ అక్కని తీసుకురాకండి" అన్నట్టు వినపడుతుంది. ఆ కోపం అక్కడిది. ఈ సంగతి మనసులో పెట్టుకోకుండా ఆయనతో మాట్లాడితే పోయిన నెల గొడవ ఈసారి ఇంట్లో జరుగుతుంది.

అలాగని వెనక కూర్చున్నాయన తప్పేమీ లేదు. "మీకు పోయేదేముంది?" అని మావయ్యగారు అడిగారు చూశారా, ఆ ప్రశ్నకి జవాబుంది. ఫోన్ పట్టుకున్నవాళ్ళకి ఆ జవాబు ఎప్పటికీ కనపడదు, ఎందుకంటే వాళ్ళు ఫోన్‌కి ఇవతల ఉంటారు. హాల్లో దీపాలు తగ్గించాక మనిషి చూపు వెలుగు ఎక్కడుంటే అక్కడికి పోతుంది. అది మన చేతుల్లో లేదు. తలకి పైగా ఎత్తిన ఫోన్ వెనక వరుసవాళ్ళకి వేదికని అడ్డుకోవడం ఒక ఎత్తు. ఆ తెర మీద చిన్న గాయని, ఆ పక్కన ఇంకా చిన్న గడిలో న్యూజెర్సీలో కళ్ళజోడు సర్దుకుంటున్న పెద్దావిడ, పైనుంచి దిగే మెసేజీలు, ఇవన్నీ వెనకున్న నాలుగు వరుసలూ చూడకుండా ఉండలేకపోవడం ఇంకో ఎత్తు. చెవికి తలుపు వేసుకోలేం అంటారు గానీ, కచేరీలో కంటికీ వేసుకోలేం. కూచిపూడి ప్రదర్శనలైతే ఇంకా ఇబ్బంది. హాలు పూర్తిగా చీకటి, నర్తకి కళ్ళకెదురుగా వరసగా వెలిగే తెరలు.

దీనికి వాదన అక్కర్లేదు. వచ్చే కచేరీకి ఆయన్ని ముందు వరుసలో కాకుండా ఏడో ఎనిమిదో వరుసలో కూర్చోబెట్టండి. ముందు ఎవరో ఒకరు ఫోన్ ఎత్తుతారు, ఎత్తకుండా ఉండరు. ఆ ఇబ్బందేమిటో ఆయనకే తెలుస్తుంది. ఆ రోజుకి మీరేమీ అనకండి.

నా మటుకు నాకు వెలుగు కన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. ఒక చేత్తో ఫోన్ ఎత్తి, అది ఊగకుండా చూసుకుంటున్న మనిషి తాళం వేయలేడు. మన కచేరీల్లో శ్రోత ఊరికే కూర్చునే మనిషి కాదు. ముందు వరుసల్లో తొడ మీద పడే చేతులు చూసి గాయకులకి హుషారొస్తుంది. స్వరకల్పనలో ఓ చిక్కు లెక్క వేసి సరిగ్గా ఎత్తుగడకి, అంటే పాట ఎత్తుకున్న చోటికి, వచ్చి వాలినప్పుడు, దాన్ని పట్టుకున్న తల ఒకటి కింద ఊగాలి. "శభాష్" అనకపోయినా ఫరవాలేదు, కళ్ళు మెరిస్తే చాలు. రాసుకొచ్చి చదివేది కాదు కదా, అప్పటికప్పుడు పుట్టే మనోధర్మం. ఎదురుగా తెలిసినవాళ్ళు ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టి గాయని ఆ రాగంలో ఇంకాస్త దూరం వెళ్ళాలా, ఇక్కడితో ముగించాలా అనేది తేలుతుంది. మీ మావయ్యగారు నేర్చుకున్న మనిషి. అలాంటి నలుగురి కోసమే సభలో విద్వాంసులు వెతుక్కుంటారు. ఆయనేమో మొహానికి అడ్డంగా ఫోన్ పెట్టుకున్నారు. వేదిక మీద నుంచి చూస్తే ఆయన కుర్చీలో కనిపించేది మూడు కెమెరా కళ్ళు.

ఆయనకి చెప్పాల్సింది ఇదే. "మీ వల్ల పక్కవాళ్ళకి ఇబ్బంది" అంటే ఎంతటి పెద్దమనిషైనా చిన్నబుచ్చుకుంటారు. "మీలాంటివాళ్ళు తాళం వేయకపోతే ఆ పాడే అమ్మాయికి ఎవరున్నారు మావయ్యగారూ" అంటే ఆయన ఆలోచిస్తారు. ఇది మభ్యపెట్టడానికి చెప్పే మాట కాదు, నిజంగానే నిజం. పొద్దున్న కాఫీ వేళ, ఆయన పేపరు చదవడం అయ్యాక చెప్పండి. కచేరీకి బయల్దేరేటప్పుడు గుమ్మంలో చెప్పకండి. మీ వారి చేత చెప్పించకండి, కొడుకు చెప్తే అది మందలింపు అవుతుంది. ఆ వెనక కూర్చున్నాయన ఊసు ఎత్తకండి.

అంతకన్నా ముందు మీరు చేయాల్సిన పని ఇంకోటుంది. న్యూజెర్సీకి ఫోన్ చేయండి. మన సాయంత్రం ఆరున్నర అంటే అక్కడ వేసవిలో పొద్దున్న తొమ్మిది, చలికాలంలో ఎనిమిది. స్నానం, పూజ, టిఫిను, మందులు, అన్నీ ఆ వేళకే. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ రెండున్నర గంటలు ఫోన్ ముందు కదలకుండా కూర్చుంటున్నారంటే పాట కోసమా, తమ్ముడు నొచ్చుకుంటాడనా? అడిగి చూడండి. అసలు అక్కడ ఆవిడకి ఏం వినపడుతోందో కూడా అడగండి. వాట్సాప్ కాల్ మనిషి మాటలకోసం చేసింది. మాట కాని చప్పుడుని తగ్గించడం దాని పని. ఆగకుండా సన్నగా మోగే తంబూరా నాదం దాని లెక్కలో ఫ్యాను చప్పుడు లాంటిదే, పట్టుకుని నొక్కేస్తుంది. మృదంగం గట్టిగా పడ్డచోట గాత్రం మునిగిపోతుంది. సన్నటి గమకాలు ముక్కలవుతాయి. పాట తెలిసిన మనిషికి ఆ గరగర వినడం ఎంత కష్టమో మీ మావయ్యగారికి తెలియంది కాదు, కాకపోతే ఆయన ఇవతల వైపు ఉన్నారు కాబట్టి ఆయన వింటున్నది అసలు పాట. "తమ్ముడూ, నాకు సరిగ్గా వినపడట్లేదురా, నువ్వు విని వచ్చి చెప్పు" అని ఆవిడ ఒక్క మాట అంటే మీరూ నేనూ చెప్పేదానికన్నా వంద రెట్లు పనిచేస్తుంది. ఆవిడ మాత్రం "లేదమ్మా, నాకు ఆ గరగరే చాలు, వాడి పక్కన కూర్చున్నట్టుంటుంది" అంటే? అప్పుడు కాల్ మానొద్దు, కుదించండి. కచేరీ మొదలవకముందే ఐదు నిమిషాలు హాలూ, వేదికా, పాత స్నేహితులూ అందరినీ చూపించి పెట్టేయమనండి. ఇంటికొచ్చాక మళ్ళీ కూర్చోబెట్టి మాట్లాడించండి. పాతకాలం రసికులు చిన్న పుస్తకంలో ఏ కీర్తన, ఏ రాగం, ఏ తాళం అని వరసగా రాసుకునేవారు. ఇప్పటికీ చెన్నైలో మార్గశిర కచేరీలకి వెళ్తే ఒళ్ళో అలాంటి పుస్తకాలు కనిపిస్తాయి. మావయ్యగారికి ఒకటి కొనిపెట్టండి. ఆ జాబితా చదువుతూ, "తోడిలో ఇక్కడ ఇలా వెళ్ళిందే అక్కా" అని ఆయనే రెండు సంగతులు పాడి వినిపిస్తే, ఆవిడకి అంతకన్నా మంచి ప్రసారం ఇంకోటి ఉండదు.

రికార్డింగు సంగతి. కాపీరైట్ చట్టం 1957 నాటిది. 2012లో దాన్ని సవరించినప్పుడు 38ఏ సెక్షన్ చేర్చారు. పాడేవాళ్ళ, వాయించేవాళ్ళ ప్రదర్శనని రికార్డు చేసే హక్కు, దాన్ని జనంలోకి పంపే హక్కు వాళ్ళవేనని అది చెప్తుంది. త్యాగయ్యగారి కీర్తన మీద ఎవరికీ కాపీరైట్ లేదు. కానీ ఆ సాయంత్రం ఆ గాయని ఆ కీర్తనని పాడిన తీరు ఆమె సొత్తు. అయితే అదే చట్టంలో 39వ సెక్షన్ కొంత వెసులుబాటు ఇచ్చింది. ఎవరైనా సొంతానికి వినడానికి రికార్డు చేసుకుంటే హక్కుల ఉల్లంఘన కింద రాదు. కాబట్టి అక్కగారొక్కరికి పాట వినిపించినందుకు మావయ్యగారి మీద కేసు వస్తుందేమోనని టెన్షన్ పడకండి. యూట్యూబ్‌లో పెట్టడం వేరు. రెండు వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో వేసి "సొంతానికే" అంటే కూడా అది నిలబడే మాట కాదు. చట్టం ఎలా ఉన్నా, సభవాళ్ళు తమ హాల్లో రికార్డింగు వద్దంటే వద్దంతే. టికెట్ లేకుండా లోపలికి రానిచ్చినా సరే, వాళ్ళ ఇంటికి మనం వెళ్ళినట్టే.

విద్వాంసుల బాధ కూడా చెప్పాలి. పోలండ్ పియానో విద్వాంసుడు క్రిస్టియన్ జిమెర్మన్ 2013లో జర్మనీలోని ఎస్సెన్‌లో వాయిస్తుండగా ఒకరు ఫోన్‌తో తీయడం చూసి, లేచి వేదిక దిగి వెళ్ళిపోయాడు. కాసేపటికి తిరిగొచ్చి, ఇలాంటి వీడియోలు ముందే యూట్యూబ్‌లో ఉండడం వల్ల తన రికార్డింగు ఒప్పందాలు పోయాయని శ్రోతలకే చెప్పాడు. మనవాళ్ళు లేచి వెళ్ళరు, నవ్వి ఊరుకుంటారు. కానీ ఒక భయం మాత్రం వాళ్ళకీ ఉంది. మనోధర్మంలో ప్రయత్నం ఉంటుంది, ప్రయత్నంలో తడబాటు ఉంటుంది. గొంతు బాగాలేని రోజు ఉంటుంది. ఆ ముప్పై సెకన్లనే కత్తిరించి స్టేటస్‌లో పెట్టే మహానుభావులు హాల్లో ఉన్నారని తెలిస్తే ఎవరు మాత్రం కొత్త దారి తొక్కుతారు? అచ్చొచ్చిన నాలుగు సంగతులు పాడి మంగళం అంటారు.

ఇక్కడ మీ మావయ్యగారు ఒక పోటు పొడవచ్చు, అదీ న్యాయమైనదే. "వోలేటి వెంకటేశ్వర్లుగారి పాట ఈ తరం వింటోందంటే రేడియో వాళ్ళ టేపులూ, అభిమానులు దాచుకున్న టేపులే కదా" అని. నిజమే. ఆ అభిమానులు లేకపోతే మనకి చాలా పోయేది. కానీ ఆ రికార్డింగు ఎలా జరిగేది? విద్వాంసుణ్ణి ముందే అడిగేవారు. స్పూల్ టేప్ రికార్డర్ ఒకటి పక్కన ఎక్కడో, మైకు సెట్టు దగ్గర ఉండేది. హాలు మొత్తానికి ఒకటి, మహా అయితే రెండు. పెట్టినవాడు మీట నొక్కి వచ్చి కూర్చుని తాళం వేసుకునేవాడు. ఎవరి కళ్ళకీ అడ్డం లేదు, ఎవరి చేయీ ఖాళీ లేకుండా పోలేదు. ఇవాళ కూడా అదే పద్ధతి కుదురుతుంది. కార్యదర్శిగారిని నాలుగు రోజుల ముందు కలవమనండి. గాయని ఒప్పుకుంటే సౌండ్ మిక్సర్ నుంచి నేరుగా ఆడియో తీసి ఇవ్వగలరు, హాల్లో ఫోన్‌తో పట్టిన దానికీ దీనికీ పోలిక ఉండదు. చాలా సభలు ఇప్పుడు తామే యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం చేస్తున్నాయి. మీ ఊరి సభ చేయకపోతే, స్టాండు మీద పక్కగా ఒక్క కెమెరా పెట్టే పనికి మావయ్యగారినే ముందుకు రమ్మనండి. ఆయన లాంటి అక్కలూ తమ్ముళ్ళూ ఊళ్ళో ఇంకా ఎందరున్నారో.

స్టేజీ మీద వాళ్ళకి ఫోన్లుండొచ్చు గానీ మాకుండకూడదా అని కూడా కొందరు అడుగుతారు. అక్కడ ఉండేది తంబూరా యాప్, లేదా సాహిత్యం పెట్టుకున్న ట్యాబ్. అదీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకుంటారు, లేకపోతే కాల్ వచ్చిన మరుక్షణం శ్రుతి ఆగిపోతుంది.

ఇక మోత. అలారం మోగినందుకు మీరు అంత కుంగిపోకండి. 2012 జనవరిలో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ అనే వాద్యబృందం వాళ్ళు మాలర్ అనే స్వరకర్త రాసిన తొమ్మిదో సింఫనీ వాయిస్తున్నారు. చివర్లో వాద్యాలన్నీ సన్నగిల్లి నిశ్శబ్దంలోకి జారే చోట ముందు వరుసలో ఒక ఐఫోన్ మోగింది. మోగుతూనే ఉంది. వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్ అలన్ గిల్బర్ట్ వాళ్ళని ఆపేసి, అది ఆగేదాకా నిలబడ్డాడు. ఆ ఫోన్ ఆసామి పాపం బాధ్యత లేని మనిషి కాదు. ఫోన్ కొత్తది, ముందు రోజే ఆఫీసువాళ్ళు ఇచ్చారు, సైలెంట్‌లో పెట్టే కూర్చున్నాడు. మోగింది కాల్ కాదు, అలారం. సైలెంట్‌లో పెట్టినా అలారం మోగుతుందని అతనికి తెలియదు. మన హాళ్ళలో రాత్రి ఎనిమిదికి మోగేవాటిలో సగం ఇలాంటి మాత్రల అలారాలే అని నా అనుమానం.

ఆలాపన మధ్యలో మోగితే వచ్చే నష్టం వేరు. గాయని అయిదున్నర శ్రుతిలో ఉంటే ఆ రింగ్‌టోన్ ఇంకెక్కడో పలుకుతుంది. చెవి దానివైపు లాగుతుంది. మళ్ళీ షడ్జం పట్టుకుని, ఎక్కడ వదిలారో అక్కడికి రావాలి. అయినా మోగడం కన్నా ఘోరం మోగాక జరిగేది. సంచీలో జిప్పు, జిప్పులో పర్సు, పర్సులో ఫోన్. అది బయటికొచ్చేసరికి ఆరు సార్లు మోగుతుంది. ఈలోగా ఆ ఫోన్ తనది కానట్టు చుట్టూ చూసేవాళ్ళు కొందరు. ఇంకొందరు తీసి, నోటికి చేయి అడ్డం పెట్టుకుని, "ఆఁ... కచేరీలో ఉన్నా... కచేరీలో... తర్వాత చేస్తా" అంటారు, నాలుగు వరుసలకి వినపడేలా. ముందు సోఫాల్లో కూర్చునే ముఖ్య అతిథులది మాత్రం వేరే లోకం. వాళ్ళ ఫోన్ మోగితే ఎవరూ తల తిప్పి చూడరు. మీ మావయ్యగారిని ఫోన్ దించమన్నాయన వాళ్ళని కూడా అంటాడేమో చూడాలి.

సభవాళ్ళకీ ఓ మాట. మొదట్లో మైకులో గబగబా చదివేసే "దయచేసి మీ సెల్‌ఫోన్లు..." సగం మంది రాకముందే అయిపోతుంది. అతిథి సత్కారాలు అయ్యాక, పాట మళ్ళీ మొదలయ్యేముందు ఇంకోసారి చెప్పాలి. "అలారాలు కూడా తీసేయండి" అని చేర్చాలి. జామర్లు పెట్టొచ్చు కదా అంటారు కొందరు. కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా మన దేశంలో అవి పెట్టడం చట్టవిరుద్ధం. పైగా హాల్లో ఎవరికైనా గుండెనొప్పి వస్తే అంబులెన్సుకి ఫోన్ చేసే దారి కూడా ఉండదు.

ఇదంతా కర్ణాటక కచేరీ మర్యాద. సినిమా పాటల నైట్‌కి మావయ్యగారు వెళ్తే నిక్షేపంగా ఫోన్ ఎత్తమనండి, అక్కడ గాయకులే టార్చి వెలిగించమని అడుగుతారు.

బటన్ ఫోన్‌ని ఇంట్లో వదిలేయించండి. మాత్ర సమయాన్ని మీరు గుర్తుపెట్టుకుని, నీళ్ళ సీసాతో చేతికందించండి. ఒక గంట అటూ ఇటూ జరపొచ్చేమో వాళ్ళ డాక్టర్‌నే అడగండి, సొంతంగా మార్చకండి.

మీ పాప విషయానికొస్తే, మీరు ఫోన్ ఆపక్కర్లేదు. ఆ ఏర్పాటేదో ముందే మావయ్యగారికి చెప్పేయండి, చాటుగా చేస్తే "నీకో న్యాయం, నాకో న్యాయమా" అనడానికి ఆయనకి సందు దొరుకుతుంది. డూ నాట్ డిస్టర్బ్ పెట్టి, అత్తయ్యగారి నంబరు ఒక్కదానికీ మినహాయింపు ఇవ్వండి. ఎవరైనా వెంటవెంటనే రెండోసారి చేస్తే మోగేలా ఒక సెట్టింగ్ ఉంటుంది, దాన్ని తీసేయండి. మోత వద్దు, వైబ్రేషన్ చాలు. కుర్చీ మీద పెడితే చెక్క దరువేస్తుంది, తెర కిందికి ఉండేలా అరచేతిలో ఉంచుకోండి. అత్తయ్యగారితో ముందే చెప్పండి, మెసేజీలు చూడను, అవసరమైతేనే కాల్ చేయండి అని. నడవ పక్కన, తలుపుకి దగ్గరగా కూర్చోండి. ఫోన్ వణికితే వెంటనే లేచి పరుగెత్తకండి. ఒక్కసారే వస్తే కీర్తన పూర్తయ్యేదాకా ఆగొచ్చు, మళ్ళీ మళ్ళీ వస్తే మాత్రం వంగి గబుక్కున వెళ్ళిపోండి, ఎవరూ ఏమీ అనుకోరు. తలుపు దాటేదాకా "హలో" అనకండి.